బండి ఒకటే, వయసులు రెండు: గ్లైడర్ ట్రక్ ఎలా కొనాలి, కొన్నాక ఏం చేయాలి

అమెరికాలో సొంతంగా సెమీ ట్రక్ కొందామనుకునే మనవాళ్లు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, డెఫ్ (పొగ శుభ్రం చేసే ద్రవం) పోసే పని లేని బండి ఉంటుందంట కదా, గ్లైడర్ అంటారంట. కొనొచ్చా?" కొనొచ్చు. నేను నడిపేదీ అదే. కాకపోతే మొదటి గ్లైడర్ కొన్నప్పుడు నేను రంగు చూశాను, క్రోమ్ చూశాను, సీట్లు ఎంత మెత్తగా ఉన్నాయో చూశాను. ఇంజిన్ పక్కన జిడ్డు కింద దాక్కున్న నంబర్ ప్లేటు మాత్రం చూడలేదు. దాని ఖరీదు తర్వాత కట్టాను.

బెజవాడ ఆటోనగర్ సంగతి తెలిసినవాళ్లకి గ్లైడర్ గురించి చెప్పడం తేలిక. అక్కడ కంపెనీ నుంచి ఇంజిన్‌తో సహా కొత్త ఛాసిస్ వస్తుంది, బాడీ మనం కట్టించుకుంటాం. గ్లైడర్‌ది తలకిందుల వ్యవహారం. కేబిన్, ఫ్రేమ్, ముందు యాక్సిల్, స్టీరింగ్, వైరింగ్ కంపెనీ నుంచి కొత్తవి వస్తాయి. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక హౌసింగులు (వెనక చక్రాల్ని తిప్పే డ్రైవ్ యాక్సిళ్లు) పాత బండివి, బాగుచేసి ఎక్కిస్తారు. యాక్సిడెంట్‌లో కేబిన్ నుజ్జయి ఇంజిన్ బాగానే ఉన్న బండిని కాపాడుకోవడానికి వచ్చిన పద్ధతి ఇది. ఆ తర్వాత 2002 చివర్లో ఈజీఆర్ (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), 2007లో డీపీఎఫ్ (మసి పట్టే ఫిల్టర్), 2010లో డెఫ్ పోసే ఎస్‌సీఆర్, ఇలా పొగ తగ్గించే సామాన్లు వరసగా వచ్చిపడ్డాయి. రిపేర్లతో విసిగిన ఓనర్లు పాత ఇంజిన్, కొత్త కేబిన్ అంటూ గ్లైడర్ల మీద పడ్డారు. ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లెక్క ప్రకారం 2010లో వెయ్యి లోపు అమ్ముడైనవి 2015కి పదివేలు దాటాయి. వాటి పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు కొత్త ట్రక్కులకంటే పదుల రెట్లు ఎక్కువని ఆ సంస్థే పరీక్షించి చెప్పింది. మన బండి ఊదే పొగ అది, దాచాల్సిన పనేం లేదు. 2016లో రూల్ తెచ్చి, 2018 నుంచి పాత ఇంజిన్లతో కట్టేవాటికి ఒక్కో తయారీదారుకి ఏడాదికి గరిష్ఠంగా 300 అని కట్టడి పెట్టారు.

అందుకే ఇప్పుడు మీకు దొరికేవి ఎక్కువగా ఆ ముందు ఏళ్లలో కట్టిన సెకండ్ హ్యాండ్ గ్లైడర్లే. ఫ్రైట్‌లైనర్ కొలంబియా, కొరొనాడో, పీటర్‌బిల్ట్ 389 లాంటివి. లోపల చాలావరకు డెట్రాయిట్ సిరీస్ 60, 12.7 లీటర్లది. లేకపోతే క్యాట్ 3406ఈ, సీ15. అక్కడక్కడ కమిన్స్ ఎన్14.

1. ఏ వయసు ఎవరికి లెక్కో ముందు తెలుసుకోండి

టైటిల్ (ఓనర్‌షిప్ కాగితం) మీద 2014 అని ఉంటుంది. ఇంజిన్ పుట్టింది 1999లో. ఒక్కో ఆఫీసు ఒక్కో వయసు పట్టుకుంటుంది. టెన్షన్ అంతా ఇక్కడే మొదలవుతుంది.

కాలిఫోర్నియాకి ఇంజిన్ వయసు కావాలి. 2023 జనవరి 1 నుంచి 14,000 పౌండ్లు దాటిన డీజిల్ బండ్లకి అక్కడ 2010 లేదా ఆ తర్వాతి మోడల్ ఇంజిన్ ఉండాలి. కేబిన్ నిన్న కొన్నదైనా 1999 ఇంజిన్ ఉంటే ఆ రాష్ట్రంలో తిరగడానికి లేదు. చిన్న చిన్న మినహాయింపులున్నాయి గానీ వాటిని నమ్ముకుని వ్యాపారం నడవదు. ఫ్రీమాంట్ గిడ్డంగులకో, లాంగ్ బీచ్ పోర్టుకో లోడ్లు కొడదామనుకుంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయొచ్చు. టెక్సాస్, టెన్నెసీ, ఒహాయో వైపు తిరిగేవాళ్లకి ఆ బాధ లేదు.

ఈఎల్‌డీకి (డ్రైవింగ్ గంటలు నమోదుచేసే యంత్రం) కూడా ఇంజిన్ వయసే. 2000కి ముందు మోడల్ ఇంజిన్ అయితే ఆ ఎలక్ట్రానిక్ డబ్బా పెట్టక్కర్లేదు. కేబిన్ 2015ది అయినా సరే, ఇంజిన్ సంవత్సరమే చూస్తామని ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ స్పష్టంగానే చెప్పింది. కానీ గంటల లెక్క తప్పదు, కాగితం మీద లాగ్ రాయాల్సిందే. ఇంజిన్ వయసు రుజువు కాగితాలు మీ ఆఫీసులో ఉంటే చాలని రూలు, బండిలో ఉంచుకోవాలని లేదు. నేను మాత్రం ఒక జిరాక్స్ గ్లవ్ బాక్సులో పెట్టుకుంటాను. అర్ధరాత్రి వెయిట్ స్టేషన్‌లో రూల్ పుస్తకం విప్పి వాదించే ఓపిక నాకు లేదు.

ఇన్సూరెన్స్ వాళ్లు, బ్యాంకు వాళ్లు కేబిన్ వయసు చూస్తారు, ఎందుకంటే విన్ (బండి గుర్తింపు) నంబర్ కొడితే వచ్చేది అదే. ఏజెంట్‌కి ఇది గ్లైడర్ అని ఈమెయిల్‌లో రాసి పంపండి, నోటిమాటగా వదలొద్దు. క్లెయిమ్ రోజున "ఇది మాకు చెప్పలేదే" అనే మాట రాకూడదు. కొన్ని బ్యాంకులు గ్లైడర్ అనగానే అప్పు ఇవ్వం అంటాయి, ఇచ్చేవాళ్లు డౌన్ పేమెంట్ ఎక్కువ అడుగుతారు. బండి చూడకముందే ఆ ఫోన్ చేసేయండి.

2. డిలీట్ చేసిన బండిని గ్లైడర్ అని అంటగడతారు

డీపీఎఫ్‌తో పుట్టిన బండికి ఆ ఫిల్టర్ పీకేసి, కంప్యూటర్‌ని మాయచేసి నడపడాన్ని డిలీట్ అంటారు. అది క్లీన్ ఎయిర్ యాక్ట్‌కి విరుద్ధం. చట్టప్రకారం కట్టిన గ్లైడర్ వేరు, దాన్ని కొని నడపడం తప్పు కాదు. యాడ్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి: "నో డెఫ్, నో డీపీఎఫ్, రన్స్ గ్రేట్!"

తేడా కనుక్కోవడం కష్టమేం కాదు. కేబిన్ తయారైన కంపెనీ డీలర్‌కి విన్ ఇచ్చి బిల్డ్ షీట్ అడగండి. గ్లైడర్ కిట్‌గా వెళ్లిన బండికి ఫ్యాక్టరీ ఇంజిన్ అనేదే ఉండదు, షీట్‌లో ఆ సంగతి తెలిసిపోతుంది. బండి దగ్గర ఇంజిన్ మీదున్న ఎమిషన్ లేబుల్ చదవండి. అక్కడ 2008 అని ఉండి, ఫ్రేమ్ పక్కన ఖాళీ బ్రాకెట్లు వేలాడుతుంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

3. "రీబిల్ట్" అన్న మాటకి బిల్లు అడగండి

అన్నిటికంటే ఎక్కువ మోసం జరిగేది ఈ ఒక్క మాట దగ్గరే. రీబిల్ట్ అంటే మూడు రకాలు.

ఇన్‌ఫ్రేమ్ అంటే ఇంజిన్ బండిలోనే ఉంటుంది. హెడ్ దింపి, కింద పాన్ దింపి, లైనర్లు (పిస్టన్ కదిలే సిలిండర్ గొట్టాలు), పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు మారుస్తారు. క్రాంక్ కదలదు. ఔట్ ఆఫ్ ఫ్రేమ్ అంటే ఇంజిన్ మొత్తం బయటికి తీసి, బ్లాక్‌ని మెషిన్ షాపుకి పంపి, క్రాంక్ కొలిచి పాలిషో గ్రైండింగో చేస్తారు. ఈ రోజుల్లో మంచి షాపులో దీనికి 25,000 డాలర్లు దాటడం మామూలే. మూడోది రీమ్యాన్. పాత ఇంజిన్ కోర్‌గా తిరిగిచ్చేసి, ఫ్యాక్టరీ కొలతలకి తెచ్చిన ఇంకో ఇంజిన్‌ని వారంటీతో తెచ్చుకోవడం.

నాకు అమ్మినతను చూపించిన బిల్లు మీద పెద్ద అక్షరాలతో "ఓవర్‌హాల్" అని ఉంది. కింద పార్టుల జాబితా నేను చదవలేదు. అందులో ఉన్నవి రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ సెట్టు. లైనర్లు లేవు. అంటే పాత లైనర్లలోనే కొత్త రింగులు వేసి మూసేశారు. నాలుగు నెలల తర్వాత టెన్నెసీలో ఐ-24 మీద మాంటీగల్ కొండ ఎక్కుతుంటే కూలెంట్ లైట్ వెలిగింది. పక్కకి ఆపి డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. లైనర్లు బయటినుంచి చీమలు తొలిచినట్టు చిల్లులు పడి నీళ్లు లోపలికొచ్చాయి. ఇంజిన్ పక్కనున్న ఆ రేకు మీద నంబర్‌తో డీలర్ దగ్గర చరిత్ర తీయించి ఉంటే ఆ లైనర్లు ఎప్పటివో కొనేముందే తెలిసేది.

కాబట్టి జాబితాలో లైనర్ కిట్లు ఆరు ఉన్నాయా, హెడ్ కొత్తదా లేక ప్రెషర్ టెస్ట్ చేసిన రిపోర్ట్ ఉందా, క్రాంక్ కొలతల షీటు ఉందా, ఆయిల్ పంపు మార్చారా, ఇంజెక్టర్లు, టర్బో ఎవరివి అన్నది వరసగా వేలు పెట్టి చూడండి. క్యాట్ అయితే బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య స్పేసర్ ప్లేటు ఉంటుంది, దాని గ్యాస్కెట్ సంగతి, లైనర్ కూర్చునే గట్టు కోశారా లేదా అన్న సంగతి అడగండి. అమ్మేవాడు "బిల్లు పోయింది అన్నా, కానీ పని మాత్రం సూపర్" అంటే ఆ ఇంజిన్‌కి రీబిల్డ్ జరగలేదనే ధర కట్టండి.

తర్వాత ఇంజిన్ నంబర్ ఉన్న రేకు. సిరీస్ 60 12.7కి సీరియల్ నంబర్ 06ఆర్‌తో మొదలవుతుంది. క్యాట్‌కి 5ఈకే, 1ఎల్‌డబ్ల్యూ, 2డబ్ల్యూఎస్, 6ఎన్‌జెడ్ లాంటి ముందక్షరాలుంటాయి. ఒక పాత గుడ్డ, బ్రేక్ క్లీనర్ డబ్బా తీసుకెళ్లి, తుడిచి, ఫొటో తీసి, ఆ నంబర్‌ని ఇంజిన్ డీలర్‌కి చెప్పండి. ఎప్పుడు కట్టారో, మొదట ఏ బండిలో పుట్టిందో, వాళ్ల దగ్గర ఏమేం పనులు జరిగాయో చెప్పగలరు. ముఖ్యంగా 6ఎన్‌జెడ్ విషయంలో జాగ్రత్త. 1999లో కట్టినవీ ఉన్నాయి, తర్వాత కట్టినవీ ఉన్నాయి. ఈఎల్‌డీ మినహాయింపు చెప్పి ధర పెంచుతున్నప్పుడు ఆ ఒక్క ఏడాది తేడా మీ డబ్బే.

4. చల్లటి ఇంజిన్ దగ్గరికి వెళ్లండి

ఉదయాన్నే వస్తానని చెప్పండి, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దని కూడా చెప్పండి. వెళ్లగానే అరచెయ్యి బ్లాక్ మీద ఆనించండి. గోరువెచ్చగా తగిలితే, మీరు రాకముందే ఎవరో ఏదో దాచారన్నమాట.

చల్లగా ఉంటే రేడియేటర్ మూత తీసి ఉంచి స్టార్ట్ చేయించండి. మొదట కాస్త గాలి బయటికొస్తుంది, ఫర్లేదు. థర్మోస్టాట్ తెరవకముందే సోడా సీసాలోలాగ బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి దూరుతోంది. చలికి తెల్ల పొగ వచ్చి పోతే పట్టించుకోవద్దు. నీలం పొగ అంటే ఆయిల్ తాగుతోంది. లోడు మీద నల్లగా కొడితే గాలి ఎక్కడో లీకవుతోంది, లేదా ఇంజెక్టర్లు.

ఇంజిన్ వేడెక్కాక కింద బ్రీతర్ గొట్టం దగ్గర చెయ్యి పెట్టండి. పల్చగా ఆవిరి తగలడం మామూలే. రైలింజిన్‌లాగ బుస్సుబుస్సుమంటే రింగుల పని అయిపోయింది. ఆయిల్ పోసే చోటి మూతని తిరగేసి పెట్టి ఎగిరిపడుతుందా లేదా చూడటం మనవాళ్లకి తెలిసిన పరీక్షే, కానీ అది అంచనా మాత్రమే. డైనో (బండిని నిలబెట్టి లోడు ఇచ్చి పరీక్షించే యంత్రం) మీద పూర్తి లోడుతో నడిపి క్రాంక్‌కేస్ ప్రెషర్ కొలిపించండి. కొన్ని వందల డాలర్లవుతుంది. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే మీకు జవాబు ఉచితంగా దొరికినట్టే.

ఆయిల్ శాంపిల్ ల్యాబుకి పంపండి. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ కలుస్తోంది. సీసం, రాగి ఎక్కువుంటే బేరింగులు అరుగుతున్నాయి. సిలికాన్ ఉంటే దుమ్ము లోపలికెళ్తోంది. ఆయిల్ నిన్ననే మార్చి ఉంటే రిపోర్ట్ ఎంత శుభ్రంగా ఉన్నా దాన్ని నమ్మొద్దు. గేర్‌బాక్స్, హౌసింగుల నూనెలు కూడా పంపండి, వాటిని అమ్మేముందు ఎవరూ మార్చరు.

ఇంకొకటి, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) రిపోర్ట్. మీటర్ మీద కనిపించే మైళ్లు కేబిన్‌వి. ఈసీఎంలో ఉండేవి దానికదే వేరే, మధ్యలో ఈసీఎం మార్చి కూడా ఉండొచ్చు. అయినా మైళ్లని గంటలతో భాగించి చూడండి. 4,80,000 మైళ్లు, 12,000 గంటలు అంటే సగటు గంటకి 40 మైళ్లు, బండి రోడ్డు మీదే బతికింది. అదే 20, 25 వస్తే ఎక్కువ కాలం నిలబడి ఇంజిన్ కొట్టుకుంటూ ఉందని అర్థం. నిలబడి తిరిగే ఇంజిన్‌కి మైళ్లు పెరగవు, అరుగుదల మాత్రం ఆగదు.

5. గేరు లెక్క వేసుకోండి

వేరే బండి హౌసింగులు తెచ్చి పెట్టినప్పుడు క్రౌన్ రేషియో (హౌసింగ్ లోపలి గేర్ల నిష్పత్తి) ఇంజిన్‌కి కుదరకపోవచ్చు. వేగాన్ని 60తో భాగించి, దాన్ని టైరు ఒక మైలుకి ఎన్ని చుట్లు తిరుగుతుందో దానితో, టాప్ గేరు రేషియోతో, హౌసింగ్ రేషియోతో హెచ్చించండి. 295/75 ఆర్22.5 టైరు సుమారు 515 చుట్లు, 13 స్పీడ్ ఈటన్ టాప్ గేరు 0.73, హౌసింగ్ 3.55 అనుకుంటే 65 మైళ్ల వేగంలో ఇంజిన్ దాదాపు 1,450 ఆర్‌పీఎంలో ఉంటుంది. పాత 12.7కి అది హాయిగా ఉంటుంది. హౌసింగ్ 3.90 అయితే దాదాపు 1,590కి పోతుంది, కొండలకి మంచిదే గానీ డీజిల్ తాగుతుంది. 2.64 అయితే 1,075 దగ్గర ఏడుస్తూ లాగుతుంది. కొత్త ఇంజిన్లకి సరిపడే ఆ రేషియో దీనికొద్దు.

6. కొత్త కిట్ కొని మీరే కట్టించుకుందామంటే

ఇది నేను సలహా ఇవ్వను, అందుకే పొట్టిగా. కొత్త కేబిన్‌తో కట్టినా బండిని కొత్త వాహనంగా లెక్కపెట్టకూడదంటే ఇంజిన్, గేర్‌బాక్స్, డ్రైవ్ యాక్సిల్ మూడూ పాతవే అయివుండాలి, వాటిలో కనీసం రెండు ఒకే బండి నుంచి రావాలి. ఇది ఫెడరల్ భద్రతా రూలు. పైన చెప్పిన 2018 పొగ రూలు వేరుగా ఉంది. ఆ పైన 12 శాతం ఎక్సైజ్ పన్ను. బాగుచేసిన ఖర్చు అలాంటి కొత్త బండి ధరలో 75 శాతం మించకపోతే మినహాయింపు ఉంది గానీ, గ్లైడర్లకి అది వర్తిస్తుందా లేదా అని పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌తో కోర్టుకెక్కినవాళ్లున్నారు. ట్రక్కుల లెక్కలు తెలిసిన సీపీఏ (అకౌంటెంట్) పక్కన లేకుండా ఈ పనిలో వేలు పెట్టొద్దు.

సెకండ్ హ్యాండ్ కొన్నా పన్నుల గోల పూర్తిగా తప్పదు. 75,000 పౌండ్లు దాటిన రిజిస్ట్రేషన్‌కి ఫారం 2290 (భారీ వాహనాల పన్ను) కింద ఏడాదికి 550 డాలర్లు, అది జులై నుంచి జూన్ లెక్క. ఐఆర్‌పీ (రాష్ట్రాల మధ్య తిరిగే రిజిస్ట్రేషన్) ప్లేట్లు, ఐఎఫ్‌టీఏ (రాష్ట్రాలకి పంచే డీజిల్ పన్ను), యూసీఆర్ (క్యారియర్ల వార్షిక రిజిస్ట్రేషన్) మామూలు ట్రక్కులకి ఉన్నట్టే.

7. ఇంటికి తెచ్చాక మొదటి వారం

లోడు కోసం తొందరపడొద్దు. వారం రోజులు బండిని షాపులో పెట్టండి.

ముందు వైరింగ్. గ్లైడర్‌లో సగం రోగాలు పాత ఇంజిన్ తీగలూ కొత్త కేబిన్ తీగలూ కలిసే చోటే పుడతాయి. పాత ఈసీఎం జే1587 అనే భాషలో మాట్లాడుతుంది, కొత్త డాష్‌బోర్డ్ జే1939 ఆశిస్తుంది. మధ్యలో దుబాసీ లాంటి మాడ్యూల్ ఒకటి పెడతారు. అది ఎక్కడుందో కనిపెట్టి ఫొటో తీసి పెట్టుకోండి. వానపడ్డ రాత్రి గేజులన్నీ ఒకేసారి సున్నాకి పడిపోతే మీ మెకానిక్ మొదట దాన్నే వెతుకుతాడు. బ్యాటరీ నుంచి ఫ్రేముకి, ఫ్రేము నుంచి ఇంజిన్‌కి, కేబిన్‌కి వెళ్లే గ్రౌండ్ తీగలన్నీ విప్పి, రంగు గీకి, మెరిసేదాకా తోమి, తిరిగి బిగించండి. కొత్త ఫ్రేముకి వేసిన పెయింట్ మీదే గ్రౌండ్ బిగించిన బండ్లు నేను చూశాను.

తర్వాత చార్జ్ ఎయిర్ కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది). రెండు చివర్లూ మూసి 30 పీఎస్‌ఐ గాలి ఎక్కించండి. 15 సెకన్లలో 5 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడిపోతే లీకు ఉన్నట్టే. ఓవర్‌హెడ్, అంటే వాల్వులు, ఇంజెక్టర్ల సెట్టింగ్, ఎవరు చేశామన్నా మళ్లీ చేయించండి. డ్రైవ్‌షాఫ్ట్ కోణాలు కొలిపించండి. ఈ ఇంజిన్, ఈ ఫ్రేము ఒకరికొకరు పుట్టలేదు, మౌంటులో చిన్న తేడా ఉన్నా యూ-జాయింట్లు తినేస్తుంది.

కూలెంట్ పూర్తిగా దింపి మార్చండి. ఈ ఇంజిన్లవి తడి లైనర్లు, అంటే వాటి బయటివైపు కూలెంట్ తగులుతూ ఉంటుంది. పాత పద్ధతి కూలెంట్ వాడితే ఎస్‌సీఏ అనే మందు మోతాదు చీటీతో పరీక్షిస్తూ ఉండాలి, లేదంటే లాంగ్ లైఫ్ కూలెంట్‌కి మారిపోండి. రెండూ కలపొద్దు. నా లైనర్లని తిన్నది ఈ నిర్లక్ష్యమేనని విప్పిన మెకానిక్ చెప్పాడు.

టైరు చుట్లు, హౌసింగ్ రేషియో ఈసీఎంలో సరిగా కొట్టారో లేదో చూడండి. మీటర్‌లో 65 చూపిస్తూ జీపీఎస్‌లో 69 వస్తే పోలీసు టికెట్ ఒక్కటే కాదు, ఐఎఫ్‌టీఏకి మీరిచ్చే మైళ్లు కూడా తప్పే. కేబిన్ విన్ మీద రీకాల్స్ ఏమైనా మిగిలాయా అని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో కొట్టి చూడండి. ఏటా చేయించాల్సిన డీఓటీ (రవాణా శాఖ) తనిఖీ కూడా ఇదే వారంలో చేయించేస్తే తేదీ మీ చేతిలో ఉంటుంది.

ఇంజిన్ నిజంగా కొత్తగా కట్టిందైతే ముద్దుగా నడపొద్దు. చాలామంది చేసే తప్పు అది. రింగులు లైనర్లకి కూర్చోవాలంటే లోడు పడాలి. గంటల తరబడి ఐడిల్‌లో వదిలేస్తే లైనర్ గోడలు అద్దంలా మారి జీవితాంతం ఆయిల్ తాగుతుంది. మొదటి రోజే మంచి బరువున్న లోడు కట్టి, కొండలున్న దారి పట్టించండి, ఉష్ణోగ్రత మీద మాత్రం కన్ను ఉంచండి. చక్రాలు విప్పి ఉంటే 50 నుంచి 100 మైళ్లలోపు ఆగి నట్లు మళ్లీ టార్క్ చేయండి. మొదటి ఆయిల్ మామూలు గడువుకంటే ముందే దింపి, ఆ శాంపిల్ కూడా ల్యాబుకి పంపండి.

ఆఖరుగా ఒక అట్ట ముక్క. పార్టుల షాపులో ఏది అడిగినా ముందు విన్ చెప్పమంటారు. గ్లైడర్ విన్ కొడితే కేబిన్ తలుపు గొళ్లెం దాకా అన్నీ వస్తాయి, ఇంజిన్ దగ్గరకొచ్చేసరికి కౌంటర్ వెనక కుర్రాడు తెల్లమొహం వేస్తాడు. అందుకని ఇంజిన్ సీరియల్, ఈసీఎం నంబర్, గేర్‌బాక్స్ ట్యాగ్ మీది మోడల్, ముందు వెనక హౌసింగుల ట్యాగులు, రేషియో, క్లచ్ సైజు, బెల్టు, ఫిల్టర్ల నంబర్లు ఒక అట్ట మీద రాసి, లామినేషన్ చేయించి, సన్ వైజర్‌కి తగిలించండి. ఇంకో కాపీ ఇంట్లో వాళ్ల ఫోన్‌లో ఉంచండి. నాది మా ఆవిడ ఫోన్‌లో ఉంది. ఒకసారి నెబ్రాస్కాలో నా ఫోన్ చచ్చిపోయినప్పుడు షాపువాడి ఫోన్ నుంచి ఆవిడకి కాల్ చేస్తే, కూర తాలింపు వేస్తూనే వాటర్ పంప్ నంబర్ చదివి వినిపించింది.